కాల్చినట్టు రాసిన గ్లౌజులు

రోజు 1

రికార్డు పుస్తకం ఇచ్చారు. మొదటి పేజీలో మనమెవరో రాయాలట. సూరాడ నూకరత్నం, ఇరవై రెండేళ్ళు, కొస ఓడ. సముద్రం మీద ముప్పై ఎనిమిది పాత ఓడలు గొలుసులతో కట్టుకుని బతుకుతున్నాం కాబట్టి ఏ ఓడో రాయకపోతే మనిషెవరో తెలీదు. రాస్తే మాత్రం ఎలాంటి మనిషో కూడా తెలిసిపోతుంది. కొస ఓడ అనగానే పక్కనున్నవాళ్ళు నా జాకెట్టు మీది అతుకులు చూశారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నేర పరిశోధనలో తొలి శిక్షణ. ఆరుగురం. మూడో ఓడలో పాత ఐసు గదే తరగతి. కొండ ఊరి నుంచి వచ్చిన రహమత్ మేడమ్ పాఠం చెబుతారు. ఆవిడ తెచ్చిన జాడ పెట్టె బల్ల మీద ఉంది, మా అమ్మ నూకల డబ్బా అంత ఉంటుంది. ఎక్కడైనా ఇసుమంత చర్మం పొట్టు దొరికితే చాలు, అది ఎవరిదో ఆ పెట్టె చెప్పేస్తుంది. మా ఓడల వాడలో పదకొండు వందల మంది ఉమ్మి ఇప్పటికే అందులో ఉంది.

ఎందుకు చేరారని ఒక్కొక్కరినీ అడిగారు. మా నాన్న కుడిచెయ్యి పైకి లేవదు మేడమ్, అన్నాను. అంతకంటే చెప్పబుద్ధి కాలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆరేళ్ళప్పుడు డీజిలు పోయింది. మా నాన్నని కొయ్యకి కట్టి, తాడుతో కొట్టి నిజం చెప్పించారు. రెండో రోజుకి నేనే తీశానని ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండానే ట్యాంకుకి చిల్లు పడి డీజిలు కారిపోయిందని తేలింది. చెయ్యి మాత్రం మళ్ళీ రాలేదు. పెట్టె వచ్చింది, ఇంక తాడు అక్కర్లేదు అన్నారు. అందుకే చేరాను.

మేడమ్ చెప్పింది: "రికార్డు మీది. రోజూ నిజం రాయండి, కొట్టివేతలు వద్దు, పేజీ చింపొద్దు. శిక్షణ అయ్యేదాకా నేను చూడను. రిజిస్టరు నాది. అందులో మీరు పెట్టిన సంతకాన్ని వాడ మొత్తం నమ్ముతుంది."

రోజు 3

గ్లౌజులు పంచారు. తలకి పన్నెండు జతలు. అసలు రబ్బరువి, అతుకు లేనివి. ఇన్ని కొత్త వస్తువులు ఒక్కసారి నా చేతికి రావడం ఇదే మొదలు.

నియమం ఏమిటంటే ఒక చోటుకి ఒక జత. పని అవగానే వరండాలో ఉన్న పొయ్యిలో వేసి కాల్చేయాలి. రిజిస్టర్లో 'కాల్చాను' అని రాసి సంతకం పెట్టాలి. "ఎందుకంటే మీ చేతులు మోసుకెళ్ళేది మీ కంటికి కనబడదు" అంది మేడమ్. ఆరుగురం బుద్ధిగా తలూపాం.

ఆవిడకి మా సంగతి తెలీదు. మా వాడలో సూది విరిగితే గాలం చేస్తారు. గాలం విరిగితే పిల్ల చెవికి పోగు చేస్తారు. పనికొచ్చేది ఎవరైనా పారేస్తే మైకులో పేరు చదువుతారు. ఒకసారి మా అమ్మ చేతిలోంచి సబ్బు ముక్క జారి సముద్రంలో పడితే ఆవిడ పేరు మూడు పూటలా చదివారు. వారం రోజులు పైకి రాలేదు ఆవిడ.

సాయంత్రం పొయ్యి ముందు నిలబడ్డాను. చిల్లు లేదు, చిరుగు లేదు, ఒక్కసారి తొడిగిన జత. చెయ్యి ముందుకు వెళ్ళలేదు. మడిచి బొడ్లో దోపుకున్నాను. రిజిస్టర్లో 'కాల్చాను' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను.

ఇంట్లో సబ్బుతో ఉతికాను. అమ్మ తాడు మీద ఆరేసింది. "బంగారం లాటి గ్లౌజులు, కాల్చడమేటే గుంటా, ఆవిడికేటైనా మతి పోయిందేటి?" అంది. మిగిల్చినవన్నీ శిక్షణ అయ్యాక ఆస్పత్రి ఓడకి ఇద్దామనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోజు 9

అభ్యాసానికి ఒకళ్ళ గది కావాలి. మా వస్తువులు ముట్టుకోవద్దని అందరూ తలుపులు వేసుకున్నారు. దానయ్య తాత ఒక్కడే రమ్మన్నాడు. ఆయన పదకొండో ఓడలో ఒంటరిగా ఉంటాడు, లంగరు తాళ్ళు పేనుతాడు. ఏ ఏడాది తాడుకి ఆ ఏడాది రంగు వేస్తాడు, ఏ తాడు పాతదో చూడగానే తెలియాలని. ఈ ఏడు నీలం. ఇంకా ఒక్క మూర కూడా గది దాటలేదు. ఎక్కడ చూసినా నీలం కొబ్బరిపీచే.

"దొంగ కొంపనుకోండి. ఇల్లంతా ఎతకండి" అన్నాడు నవ్వుతూ. మేం పుల్లకి దూది చుట్టి ఆయన చెంబు మీదా, మంచం కోడు మీదా, తలుపు మీదా రుద్దుతుంటే పక్కనే కూర్చుని అన్నీ అడిగాడు. అందరికీ గంజి, కాల్చిన ఎండుచేప పెట్టాడు. నా వంతు వచ్చేసరికి పెద్ద చేప ఏరి వేశాడు. "కొస ఓడ పిల్లవి, తిను. సిగ్గుపడకు" అన్నాడు.

నా పుల్ల పెట్టెలో పెడితే క్షణంలో దానయ్య పేరు వచ్చింది. అందరికంటే శుభ్రంగా తీశావని మేడమ్ మెచ్చుకుంది. గ్లౌజులు ఉతికి ఆరేశాను. 'కాల్చాను' అని సంతకం.

రోజు 11

ఆస్పత్రి ఓడలో దొంగతనం. విషజ్వరం మందు పన్నెండు సీసాలు, వాడ మొత్తానికి అవే, బీరువా తెరిచి ఎత్తుకుపోయారు. నాలుగో ఓడలో ఇప్పటికే ఇద్దరికి జ్వరాలు.

మేడమ్ మమ్మల్ని తీసుకెళ్ళింది. ఇది అభ్యాసం కాదు, నోళ్ళు మూసుకుని పని చేయండి అంది. ఒకరికి నేల, ఒకరికి కిటికీ, అలా పంచింది. నాతో "నీ చెయ్యి నిలకడగా ఉంటుంది. బీరువా గడియ నువ్వు చూడు" అంది. అసలైన చోటు అదే. మిగతావాళ్ళు నా వైపు చూశారు.

నా సంచిలో కొత్త జత ఉంది, మొన్న దానయ్య తాత గదిలో వాడి ఉతికిన జత ఉంది. ఉతికినదే తొడిగాను. ఉప్పుగాలికి సరిగ్గా ఆరక ఇంకా కాస్త తడిగా ఉంది. గడియ కదలకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కుడిచేత్తో పుల్ల రుద్దాను.

నేల, కిటికీ, తలుపు, అన్నిట్లోనూ డాక్టరుగారూ నర్సు అచ్చియ్యమ్మే వచ్చారు. నా పుల్లకి మాత్రం మూడు వచ్చాయి. అచ్చియ్యమ్మ. దానయ్య. మూడోది చదవలేనంత మసక.

దానయ్య పేరు వినగానే ఆయన ఏరి పెట్టిన పెద్ద చేప గుర్తొచ్చింది. కానీ నిజం రాయాలి కదా, అంతకంటే ముందు వచ్చింది సంతోషం. దొంగని పట్టింది నా పుల్ల. మేడమ్ నా భుజం తట్టింది. ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

రోజు 12

ఉదయం భూతద్దం పాఠం. నిన్న నా పుల్లతో పాటు వచ్చిన చిన్న పోగు ఒకటి మేడమ్ గాజు మీద పెట్టి చూపించింది. నీలం కొబ్బరిపీచు. "ఈ రంగు దానయ్య గది దాటి ఇంకా బయటికి రాలేదు. మీరు అక్కడ వాడిన గ్లౌజులు అదే రోజు కాల్చినట్టు రిజిస్టర్లో ఉంది. జాడ ఒకటి, పీచు ఒకటి. రెండూ ఒకే మనిషి వైపు చూపిస్తే అది గట్టి ఆధారం. రాసుకోండి" అంది. రాసుకున్నాను. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది.

మధ్యాహ్నం అన్నానికని ఇంటికొచ్చి గ్లౌజులు తీసి చూశాను. మణికట్టు దగ్గర రబ్బరు చుట్టుకుని ఉంటుంది కదా, ఆ మడత విప్పితే లోపల ఇంకో రెండు పోగులున్నాయి. నీలం.

అమ్మ పక్కనే చేపలు తిరగేస్తోంది. "ఏటే అలాగైపోయావు?" అంది. ఏమీ లేదన్నాను.

రికార్డులో నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. దానయ్య తాత ఆస్పత్రి ఓడలో అడుగు పెట్టలేదు. నా చేతులకి అంటించుకుని ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేను.

రేపు చెబుతాను.

రోజు 13

ఈ రోజు చెప్పలేదు. తలనొప్పిగా ఉంది.

తలనొప్పి లేదు. కొట్టివేతలు వద్దన్నారు కాబట్టి పై వాక్యం అలాగే ఉంచుతున్నాను.

రోజు 14

నడిమి ఓడ మీద పంచాయితీ. వాడని నడిపే పెద్ద సరంగు తీర్పు చెప్పడానికి కూర్చున్నాడు, మేడమ్ పెట్టె ముందు నిలబడింది. కొయ్య అక్కడే ఉంది కానీ తాడు తీసేశారు. జనం దాన్నే చూసి గొప్పగా చెప్పుకుంటున్నారు.

దానయ్య తాత మొదట గట్టిగానే చెప్పాడు. "నానెల్నేదు బాబూ. ఆ ఓడెక్కి రెండేళ్ళయింది." సరంగు పెట్టె చెప్పింది చదివించాడు. ఇంకోసారి చదివించాడు. పీచు సంగతీ చదివించాడు. తాత మొహంలో కోపం మెల్లగా పోయింది. దాని చోట ఏదో వెతుక్కుంటున్నట్టు అయిపోయాడు.

"ఈ మద్దె మరుపెక్కువైంది. పొయ్యి మీదేటెట్టానో గేపకం ఉండదు" అన్నాడు. జనంలో నన్ను చూశాడు. "రత్నమ్మా, నువ్వు సదువుకున్న పిల్లవి. నువ్వే కదమ్మా చూసింది. నాను తీసేనా? సెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. నాన్న కూడా ఉన్నాడు. "పెట్టె చెప్పింది తాతా" అన్నాను.

ఆయన తలూపాడు. "అయితే తీసే ఉంటాను. పెట్టెకి నామీద కోపమేటుంటది" అన్నాడు.

శిక్ష: ఇరవయ్యో రోజు పోటుకి ఒడ్డున దింపడం. ఒడ్డంటే ఉప్పు బురద. తాగడానికి చుక్క నీరు లేదు. దింపినవాళ్ళు మళ్ళీ కనబడింది లేదు.

ఆ మూడు మాటలు నా నోట్లోంచే వచ్చాయి. పెట్టె చెప్పింది తాతా. నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

రోజు 15

నాన్న చాలా రోజుల తర్వాత మాట్లాడాలనుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఒక్క దెబ్బ పడకుండా ఒప్పుకున్నాడు, సూశావా? ఆ రోజుల్లో ఈ పెట్టె ఉంటే నా చెయ్యి ఉండును" అన్నాడు. ఎడమచేత్తో నా తల నిమిరాడు.

నేను తల వంచుకుని వల చిక్కు తీస్తూ కూర్చున్నాను. చెబితే శిక్షణలోంచి తీసేస్తారు. కొస ఓడ వాళ్ళని మళ్ళీ ఇలాంటి చోట కూర్చోనివ్వరు. పెట్టె కూడా తప్పు చెబుతుందని జనం తాడు తెచ్చి మళ్ళీ కొయ్యకి కడతారు. ఇన్ని కారణాలు వెతుక్కున్నాను. ఇవన్నీ నిజమే. అయినా అసలు కారణం అది కాదు. నాన్న చెయ్యి నా తల మీద ఉండటం నాకు బాగుంది.

రోజు 17

తాతని లంగరు గొలుసుల గదిలో పెట్టారు. గంజి పట్టుకెళ్ళాను. లోపలికి వెళ్ళకుండానే తిరిగి వచ్చేద్దామనుకున్నాను కానీ చూసేశాడు.

తిట్టలేదు. తిట్టినా బాగుండును. గంజి పక్కన పెట్టి, "రత్నమ్మా, మంచి పనైంది వొచ్చావు. ఆ సీసాలెక్కడెట్టానో ఎంత ఆలోసించినా తట్టట్నేదు. నా గది నీకు తెలుసు కదా. బేగెల్లి తాడు కట్టల్లో సూడు. జొరమొచ్చినోళ్ళకి కావాల కదమ్మా" అన్నాడు. వేళ్ళు మడుచుకుంటూ ఆ రోజు ఉదయం నుంచి ఏమేం చేశాడో లెక్కపెడుతున్నాడు. ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు, మళ్ళీ మొదటి వేలు నుంచి మొదలెడతాడు.

మా నాన్నకి చెయ్యి పోయింది. అయినా డీజిలు తను తియ్యలేదని ఆయనకి ఒక్క రోజు కూడా అనుమానం రాలేదు. తాడు అంతవరకే వెళ్ళగలిగింది. నేను ఇంకా లోపలికి వెళ్ళాను.

సరే చూస్తాను తాతా అని వచ్చేశాను. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి. సరే చూస్తాను అన్నాను.

రోజు 18

పొద్దున్నే ఐసు గదికి వెళ్ళాను. మేడమ్ ఒక్కతే ఉంది, పెట్టె తుడుస్తోంది. బల్ల మీద ఉతికిన గ్లౌజులు పెట్టాను. పక్కన ఈ రికార్డు తెరిచి పెట్టాను. "శిక్షణ అవలేదు కదా" అంది. చదవండి మేడమ్ అన్నాను.

నిలబడే చదివింది. పదమూడో రోజు పేజీ దగ్గర కూర్చుంది. చదవడం అయ్యాక కొత్త జత తొడుక్కుని, నా గ్లౌజుల మీద పుల్ల రుద్ది పెట్టెలో పెట్టింది. పేర్లు వరసగా వచ్చాయి. నూకరత్నం. దానయ్య. అచ్చియ్యమ్మ. సూరాడ పోలమ్మ. అది మా అమ్మ. తాడు మీద ఆరేసింది ఆవిడే.

"ఆ మసక జాడ?" అన్నాను.

"అదే దొంగది అయ్యుంటుంది. నీ తడి గ్లౌజుతో గడియ తుడిచేశావు" అంది మేడమ్. మామూలుగా పాఠం చెప్పే గొంతుతోనే అంది.

తర్వాత మిగతా ఐదుగురినీ పిలిచి సంచులు తీయించింది. నలుగురి సంచుల్లో ఉతికిన గ్లౌజులున్నాయి. అందరివీ రిజిస్టర్లో 'కాల్చాను' అనే ఉన్నాయి. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "రబ్బరు కాలితే గదిలో నిలబడలేం. ఇన్ని రోజుల్లో ఒక్కరోజు కూడా నాకు అంత కంపు రాలేదు. రావట్లేదేమిటని అడగలేదు నేను" అంది.

నలుగురూ నాలాగే చేశారని తెలిసి కాస్త తేలికైంది. తేలికైనందుకు ఇంకా సిగ్గేసింది. వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

రోజు 19

మళ్ళీ నడిమి ఓడ. మైకు నా చేతికిచ్చారు. మేడమ్ చెబుతానంది కానీ నేనే చెబుతానన్నాను. అదేమీ గొప్ప కాదు, నిన్నటిదాకా నోరు మూసుకున్నదాన్ని.

గ్లౌజులు కాల్చలేదు, కాల్చినట్టు రాశాను, అన్నాను. జనంలో కొందరు తల్లులు అర్థమైనట్టు చూశారు. తాతని గడియ మీదికి తెచ్చింది నా చేతులే అన్నాను. నాకీ సంగతి పన్నెండో రోజే తెలుసు అన్నాను. అప్పుడు ఆ తల్లులు కూడా మొహాలు తిప్పుకున్నారు. ఎవరో తాడే నయం అన్నారు. ఇంకెవరో ఔను అన్నారు.

సరంగు తాతని వదిలేయమన్నాడు. నన్ను శిక్షణలోంచి తీసేశారు. ఉతికినందుకు కాదని మేడమ్ అందరి ముందూ చెప్పింది, ఆరు రోజులు తెలిసి ఊరుకున్నందుకు అని. రేపటి నుంచి గ్లౌజులు అందరూ చూస్తుండగా కాలుస్తారట. నా రికార్డు నాకు తిరిగి ఇచ్చేసింది. "పేజీలు మిగిలున్నాయి, పారేయకు" అంది. వెటకారమో కాదో తెలీలేదు.

ఇంట్లో అమ్మ మూల కూర్చుని ఏడుస్తోంది, నానే ఆరేశానే, నానే ఆరేశానే అంటూ. నాన్న కంచం ముందు కూర్చున్నాడు. ఒక్కటే అడిగాడు.

"ఆరు రోజులా?"

అవునన్నాను. ఎడమచేత్తో కంచం పక్కకి జరిపి పైకి వెళ్ళిపోయాడు.

రోజు 31

కొండ ఊరి నుంచి మందు వచ్చింది. జ్వరాలు తగ్గాయి. పాత సీసాలు ఎవరు తీశారో తెలీలేదు, ఇంక తెలీదు కూడా. నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

రోజూ సాయంత్రం దానయ్య తాత గదికి వెళ్తున్నాను. మొదటి రోజు కాళ్ళ మీద పడ్డాను. లేవదీశాడు. "ఊరుకో రత్నమ్మా. నన్ను ఒడ్డున దింపేత్తారని నీమీదేసుకున్నావు. అంత మంచి పిల్లవి" అన్నాడు. కాదు తాతా, నిజంగానే నేను చేశానని చెప్పాను. గ్లౌజులు ఎలా తొడిగానో, గడియ ఎలా పట్టుకున్నానో ఆయన తలుపు గడియ మీదే చేసి చూపించాను. అంతా శ్రద్ధగా చూశాడు. "బాగా సెప్పావు. మరి సీసాలెక్కడున్నట్టు?" అన్నాడు.

తాళ్ళు పేనడం మానేశాడు. పొద్దుటి నుంచి గదంతా వెతుకుతూనే ఉంటాడు. నేను వెళ్ళేసరికి సామాను మొత్తం నేల మీద ఉంటుంది. మళ్ళీ సర్దుతాను. నేను వెతకనంటే ఆయన ఒక్కడే బల్ల ఎక్కుతున్నాడు, పడిపోతాడని నేనూ వెతుకుతున్నాను.

ఈ రోజు పన్నెండు తాడు కట్టలూ చివరిదాకా విప్పాం. నా చేతులనిండా నీలం పీచు. "లేవు కదా తాతా, నువ్వు తియ్యలేదు" అన్నాను.

"ఇంకెక్కడో ఎట్టుంటానమ్మా" అన్నాడు.

రేపు మంచం కింద చెక్కలు ఊడదీసి చూద్దామన్నాడు. సరేనన్నాను.